కూర్చోనివ్వని నొప్పి: ఏ పరీక్ష ముందు, ఏ చికిత్స తర్వాత

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణించే మనిషిని మీరు ఎప్పుడైనా చూసి ఉంటారు. రెండేళ్లపాటు ఆ మనిషిని నేనే. శ్రీకాకుళం నుంచి రాజాం దాకా కడ్డీ పట్టుకుని నిలబడేదాన్ని. ఎవరైనా జరిగి "కూర్చోండమ్మా" అంటే నవ్వి ఊరుకునేదాన్ని. కూర్చుంటే మలద్వారానికీ జననాంగానికీ మధ్య నిప్పుకణిక పెట్టినట్టుంటుందని బస్సులో ఎవరికి చెప్పుకుంటాం?

ఆ రెండేళ్లలో మొలలని పూత మందు రాశారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని నాలుగుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. కల్చర్ పరీక్షలో ఒక్కసారి కూడా ఏ క్రిమీ పెరగలేదు. చివరికి ఒక ఆసుపత్రిలో గర్భసంచి తీసేస్తే పోతుందని చెప్పి ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. ఇంకో వారం ఉందనగా మా వదిన పట్టుబట్టి మరో వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లింది. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుంది, కమోడ్ మీద కూర్చుంటే ఎలా ఉంటుంది?"

కమోడ్ మీద దాదాపు నొప్పే ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తేడాకు కారణం పుడెండల్ నరం. వెన్ను అడుగున త్రికాస్థి దగ్గర రెండు, మూడు, నాలుగో నరాల వేళ్ల నుంచి అది బయలుదేరుతుంది. రెండు గట్టి బంధకాల మధ్య నుంచి దూరి, కూర్చునే ఎముక లోపలి అంచున సన్నని సొరంగం లాంటి దారిలో ముందుకు వస్తుంది. అక్కడి నుంచి ఒక కొమ్మ మలద్వారానికి, ఒకటి మలమూత్ర ద్వారాల మధ్య భాగానికి, మూడోది పురుషుల్లో అంగానికి, స్త్రీలలో యోనిశీర్షానికి వెళుతుంది. గట్టి కుర్చీ మీద కూర్చుంటే ఆ దారి నలుగుతుంది. కమోడ్ మీద మధ్యభాగం ఖాళీగా ఉంటుంది కాబట్టి నలగదు. పుడెండల్ అనే మాటకు లాటిన్‌లో మూలం సిగ్గుపడటం. నరానికి పేరు పెట్టినవాళ్లే సిగ్గును దానికి అంటగట్టారు, మనం దాన్ని మోస్తూ ఏళ్లు గడుపుతున్నాం.

ఈ నొప్పితో ఉన్నవారి ముందు చాలా దారులు ఉంటాయి: స్కానింగ్, మాత్రలు, వ్యాయామం, ఇంజెక్షన్, ఆపరేషన్. వాటిని నేను ఒకే కొలతతో పోలుస్తాను. తప్పని తేలితే వెనక్కి తీసుకోగలిగేది ముందు, తీసుకోలేనిది చివర.

అది ఈ నరమేనా?

2008లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగర వైద్యుల బృందం ఐదు గుర్తులు ప్రచురించింది. ఇప్పటికీ వైద్యులు వాటినే పట్టుకుంటారు. నొప్పి ఆ నరం పాకే చోటే ఉండాలి. కూర్చుంటే పెరగాలి. రాత్రి నిద్రలో నుంచి లేపకూడదు. పరీక్షిస్తే ఆ చోట స్పర్శ పోయి ఉండకూడదు. నరం దగ్గర మత్తు మందు ఇస్తే నొప్పి తగ్గాలి. మొదటి మూడు మీరు ఇంట్లోనే గమనించుకోగలరు. నాలుగోది డాక్టరు చూస్తారు, ఐదోది సూదితో తేలుతుంది.

నొప్పి తీరును బట్టి మిగతా జబ్బులను వేరు చేయవచ్చు. మొలలు, ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) అయితే మలవిసర్జన సమయంలో, ఆ తర్వాత కొంతసేపు మంట, తరచు రక్తం ఉంటాయి. డాక్టరు కంటితో చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) నొప్పి సాధారణంగా నెలసరితో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కలయికలో లోతుగా నొస్తుంది. తోక ఎముక నొప్పి కుర్చీ నుంచి లేచేటప్పుడు గుచ్చుతుంది, ఆ ఎముకను నొక్కితే సరిగ్గా అక్కడే తెలుస్తుంది. నడుము డిస్క్ నొప్పి కాలిలోకి, చాలాసార్లు మోకాలి కిందికి పాకుతుంది. పురుషులకు ఎక్కువగా పడే ముద్ర ప్రోస్టేట్ వాపు. ఆ పేరుతో దీర్ఘకాలం బాధపడేవారిలో ఎక్కువమందికి బ్యాక్టీరియా ఉండదు, అయినా యాంటీబయాటిక్ కోర్సులు మాత్రం ఆగవు.

వీటన్నిటిలో పుడెండల్ నొప్పికి అతి దగ్గరగా ఉండేది కటి (నడుము కింద, తుంటి ఎముకల మధ్య భాగం) అడుగు కండరాల బిగుతు. గిన్నెలా మూత్రాశయాన్ని, పేగును, గర్భసంచిని మోసే ఆ కండరాలు బిగిసిపోయి వదలకపోతే అవే నొస్తాయి, పక్కనున్న నరాన్నీ చికాకు పెడతాయి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. నాకూ అంతే. అందుకే "నరమా, కండరమా" అని ఒక్కదాన్నే తేల్చుకోవాలని పట్టుబట్టకండి. చికిత్స మొదటి మెట్లు రెండింటికీ ఒకటే.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. కూర్చునే భాగమంతా మొద్దుబారినా, మూత్రం హఠాత్తుగా ఆగిపోయినా, మల మూత్రాలు తెలియకుండా పోతున్నా, రెండు కాళ్లూ బలహీనపడినా అది వెన్ను అడుగున నరాల కట్ట నలుగుతున్న అత్యవసరం కావచ్చు. అదే రోజు, రాత్రయినా సరే, పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. నెలసరి ఆగిపోయిన తర్వాత రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా, రాత్రిళ్లు నొప్పి నిద్రలేపుతున్నా నరం నొప్పి అని సర్దుకోకుండా వేరే జబ్బు కోసం వెతకమని అడగండి.

పరీక్షలు

అన్నిటికన్నా విలువైన పరీక్ష అన్నిటికన్నా చవకైనది. డాక్టరు చేతి తొడుగు వేసుకుని ఒక వేలితో యోని లేదా మలద్వారం లోపల నుంచి కండరాలను, కూర్చునే ఎముక లోపలి మొనను నొక్కి చూస్తారు. మీ రోజువారీ నొప్పి అచ్చంగా అక్కడ పుట్టిందంటే సగం తేలినట్టే. ఐదు నిమిషాల పని. స్త్రీలైతే పక్కన నర్సును గానీ, ఇంటి మనిషిని గానీ ఉంచమని అడగడం మీ హక్కు. ఈ పరీక్ష చేయకుండా మందులు రాసిన వారి చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లకండి.

అల్ట్రాసౌండ్ తీయించడం మంచిదే. గర్భసంచి, అండాశయాలు, మూత్రాశయం ఎలా ఉన్నాయో తెలుస్తుంది. కానీ ఈ నరం అందులో తేలదు. "స్కానింగ్ నార్మల్" అంటే నొప్పి లేదని కాదు. ఆ మాటతో నన్ను ఇంటికి పంపిన రోజు నేను నిలబడే అన్నం తిన్నాను.

ఎంఆర్‌ఐ రాస్తే "నడుముకా, కటికా" అని అడగండి. చాలాచోట్ల అలవాటుగా నడుముకు తీస్తారు, డిస్క్ ఉబ్బు అని నివేదిక వస్తుంది, ఇక అందరూ దాని వెంట పడతారు. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఏ నొప్పీ లేనివారిలోనే డిస్క్ ఉబ్బు 20 ఏళ్ల వయసులో 30 శాతం మందికి, 80 ఏళ్ల వయసులో 84 శాతం మందికి కనిపిస్తుంది. పైన చెప్పిన అత్యవసర గుర్తులు లేక, నొప్పి కాలిలోకి పాకకపోతే నడుము ఎంఆర్‌ఐకి డబ్బు పోయనక్కర్లేదు. కటి ఎంఆర్‌ఐ గడ్డ, చీము, ఎండోమెట్రియోసిస్ వంటివి లేవని తేల్చుకోవడానికి పనికొస్తుంది. నరం నలిగిన చోటును నేరుగా చూపించడం మామూలు ఎంఆర్‌ఐ వల్ల కాదు. నరాల వేగం కొలిచే పరీక్షలూ ఇక్కడ గట్టి తీర్పు ఇవ్వలేవు.

వీటితో పాటు మూత్రం కల్చర్, రక్తంలో చక్కెర, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చేయించండి. ఆ చివరిదాన్ని మన జిల్లాలో ఎందుకు వదలకూడదో మందుల దగ్గర చెబుతాను.

ఖర్చులేని మొదటి మెట్టు

మందు కన్నా ముందు పిరుదుల కింద ఏముందో చూసుకోవాలి. మందుల షాపులో దొరికే గుండ్రని మొలల దిండు కన్నా, ముందు నుంచి వెనక దాకా మధ్యలో ఖాళీ ఉన్న దిండు ఈ నొప్పికి నయం. కొననక్కర్లేదు. రెండు దుప్పట్లను గట్టిగా మడిచి ఒక్కో పిరుదు కింద ఒకటి, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ. బరువు ఎముకల మీద పడుతుంది, నరం మీద పడదు. పలాసలో జీడిపప్పు ఒలిచే అమ్మలు, పొందూరులో రాట్నం ముందూ మగ్గం మీదా గంటలు గడిపేవారు, ఆటో నడిపేవారు ఇది వారం రోజులు చేసి చూడాలి. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవాలి. రోజూ సైకిల్ తొక్కేవారు కొన్ని వారాలు మానితే, అదే జవాబు చెబుతుంది.

రెండోది మలబద్ధకం. ముక్కిన ప్రతిసారీ ఆ నరం సాగుతుంది. నాకు పొద్దున చోడి (రాగి) అంబలి, రాత్రి ఇసబ్గోల్, కమోడ్ ముందు కాళ్లు పెట్టుకోవడానికి చిన్న పీట సరిపోయాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత నీరు తాగాలో తమ డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

మూడోది వ్యాయామం, ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. కాన్పు తర్వాత కండరాలను బిగించే కెగెల్ వ్యాయామం చేయమని అందరూ చెబుతారు. మూత్రం ఆపుకోలేని వారికి అది మేలు చేస్తుంది. కండరాలు అప్పటికే బిగిసి ఉన్నవారికి అది నొప్పిని పెంచవచ్చు. మనకు కావలసింది బిగింపు కాదు, వదలడం: పొట్ట నిండేలా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ కింది కండరాలు జారిపోయినట్టు వదిలేయడం, మోకాళ్లు ఛాతీకి తెచ్చుకుని పడుకోవడం, తుంటి కండరాలు సాగదీయడం. కటి భాగంలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు నాకు శ్రీకాకుళంలో దొరకలేదు. విశాఖలో కొన్నిసార్లు వెళ్లి నేర్చుకుని మిగతాది ఇంట్లో చేశాను. మూడు నెలలు పట్టింది. మాత్రలకూ దీనికీ మధ్య ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

మాత్రలు, క్రియాటినిన్

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి మామూలు నొప్పి మాత్రలు నరం నొప్పికి అంతగా పనిచేయవు. పైగా కిడ్నీలను దెబ్బతీస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు వారికి ఈ మాట రెండుసార్లు చెప్పాలి. ఉద్దానంలో కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లను తినేస్తోంది. అది మొదట్లో ఏ బాధా పెట్టదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయంటే ఆ బాధ ఎంతటిదో ఆలోచించండి. అక్కడి మనిషి కటి నొప్పికని ఆర్‌ఎంపీ దగ్గర నెలల తరబడి నొప్పి మాత్రలు, సూదులు తీసుకోవడం నాకు భయం పుట్టిస్తుంది.

నరాల నొప్పికి నిజంగా వాడేవి వేరే. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013 మార్గదర్శకాలు నాలుగింటిని ముందు వరుసలో పెట్టాయి: ఎమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్.

ఎమిట్రిప్టిలిన్ పాతది, చవకైనది. రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. నిద్ర పట్టనివారికి నా మొదటి ఓటు దీనికే. నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. మలబద్ధకమే ఈ నొప్పికి శత్రువు కాబట్టి ఇసబ్గోల్ కూడా అదే రోజు మొదలుపెట్టాలి. గుండె లయ దోషం, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), ప్రోస్టేట్ పెరిగి మూత్రం కష్టమయ్యే పెద్దవారు ముందే చెప్పాలి. డ్యులోక్సెటిన్ దిగులు, ఆందోళన కూడా ఉన్నవారికి సరిపోతుంది. మొదటి వారం వికారం ఉంటుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి పనికిరాదు.

ప్రీగాబాలిన్ మన దగ్గర అందరూ రాసే మందు. ఇది దాదాపు మొత్తం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీల వడపోత సామర్థ్యం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే మోతాదు సగానికి తగ్గించాలి, 30 కన్నా తగ్గితే ఇంకా తగ్గించాలి. తగ్గించకపోతే మందు ఒంట్లో పేరుకుపోయి మగత, తూలుడు, పడిపోవడం మొదలవుతాయి. గాబాపెంటిన్ మోతాదునూ వడపోతను బట్టి తగ్గించాలి. సన్నగా ఉన్న స్త్రీలలో, పెద్ద వయసువారిలో క్రియాటినిన్ అంకె మామూలుగా కనిపిస్తూనే వడపోత తగ్గి ఉండవచ్చు. అందుకే అంకెతో పాటు "నా వయసుకు వడపోత ఎంత వస్తుంది" అని అడిగి చీటీ మీద రాయించుకోండి. కాళ్ల వాపు, బరువు పెరగడం కూడా ప్రీగాబాలిన్ దుష్ఫలితాలే. కిడ్నీ జబ్బు ముదిరిందని పొరబడే ప్రమాదం ఉంది. గర్భం కోసం చూస్తున్నవారు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడకుండా వాడకూడదు. హఠాత్తుగా ఆపకూడదు.

ప్రీగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్ (బి12 విటమిన్), నార్‌ట్రిప్టిలిన్ (ఎమిట్రిప్టిలిన్ లాంటి మందు) కలిపి ఒకే మాత్రగా షాపుల్లో విరివిగా దొరుకుతాయి. విడివిడిగా వేసుకోవడమే మేలు. ఏది పనిచేసిందో, ఏది తూలించిందో కలగలుపు మాత్రలో తెలియదు. ఒకటి తగ్గించి మరొకటి పెంచే వీలూ ఉండదు. ట్రామడాల్‌ను దీర్ఘకాలం వాడవద్దు. అలవాటు పడతారు, పైగా ఎమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్‌లతో కలిస్తే ప్రమాదం.

స్కానింగ్‌లో, లాపరోస్కోపీలో (పొట్టలోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) ఏ జబ్బూ కనిపించని కటి నొప్పి ఉన్న 306 మంది స్త్రీలతో బ్రిటన్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. గాబాపెంటిన్ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదు, మగత, తలతిరుగుడు మాత్రం ఎక్కువగా తెచ్చింది. అంటే కటి నొప్పి ప్రతిదీ నరం నొప్పి కాదు. గుర్తులు సరిపోలకుండా ఈ మందులు మొదలుపెట్టకూడదు. సరిపోలితే, సరైన మోతాదు చేరాక ఆరు వారాలు చూడండి. తేడా లేకపోతే మెల్లగా తగ్గించి ఆపేయమని అడగండి. ఏళ్ల తరబడి అలవాటుగా మింగవద్దు.

సూది, కత్తి

నరం దగ్గర మత్తు మందు ఇంజెక్షన్ రోగ నిర్ధారణకూ చికిత్సకూ పనికొస్తుంది. నొప్పి చికిత్సలో శిక్షణ ఉన్న మత్తు డాక్టరు అల్ట్రాసౌండ్ లేదా ఎక్స్‌రే సాయంతో చేయాలి. ఇక్కడ రోగి చేయవలసిన పని ఒకటుంది, దాన్ని చాలామందికి ఎవరూ చెప్పరు. ఇంజెక్షన్ తర్వాత మొదటి కొన్ని గంటలే అసలు పరీక్ష. ఇంటికెళ్లి పడుకుంటే ఏమీ తెలియదు. గట్టి కుర్చీ మీద కూర్చుని, గంట గంటకూ నొప్పి పదికి ఎంతో కాగితం మీద రాయాలి. నొప్పి పోతే ఆ నరం దారిలోనే సమస్య ఉందని బలం వస్తుంది, అయినా నరం ఎక్కడ నలిగిందో అదొక్కటే తేల్చదు. పోకపోతే వేరే కారణం వెతకాలి. అందులో స్టెరాయిడ్ కలపాలా అన్నదానికి 2017లో ఫ్రాన్స్‌లో 201 మందితో జరిగిన పరీక్ష జవాబిచ్చింది: కలిపినందువల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. చక్కెర జబ్బు ఉన్నవారు ఈ మాట గుర్తుపెట్టుకుని స్టెరాయిడ్ వద్దని అడగవచ్చు. కండరాల బిగుతు ఎంతకీ వదలని కొందరికి కండరాన్ని వదులు చేసే బోట్యులినమ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఖరీదైనది, ప్రభావం కొన్ని నెలలే ఉంటుంది.

నలిగిన నరాన్ని విడిపించే ఆపరేషన్‌కు ఆధారంగా చూపేది నాంత్‌లోనే జరిగి 2005లో వచ్చిన పరీక్ష. 12 నెలల తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవారిలో 71.4 శాతం మందికి, చేయించుకోనివారిలో 13.3 శాతం మందికి మెరుగైంది. అంకె ఆశ పెడుతుంది, కానీ పాల్గొన్నది మొత్తం 32 మందే, వారందరినీ గట్టిగా వడపోసి ఎంచుకున్నారు. అక్కడ కూడా అందరికీ తగ్గలేదు. తగ్గినవారికీ నెలలు పట్టింది. ఐదు గుర్తులూ ఉండి, వ్యాయామం, మందులు, ఇంజెక్షన్ అన్నీ నిజాయితీగా చేసి చూశాకే దీని గురించి ఆలోచించాలి. ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారో సర్జన్‌ను నేరుగా అడగాలి.

ఇక గర్భసంచి తీయించడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, మన రాష్ట్రంలో 8.9 శాతం ఉన్నారు. గడ్డలు, ఆగని రక్తస్రావం, క్యాన్సర్ ఉంటే తీయాల్సిందే. కూర్చుంటే పెరిగి, కమోడ్ మీద తగ్గే నొప్పికి అది చికిత్స కాదు. నరం గర్భసంచిలో లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, రాగోలులోని జెమ్స్, విజయనగరంలో స్త్రీల కోసం ఘోషా ఆసుపత్రి, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. వేలి పరీక్ష, రక్త పరీక్షలు, అల్ట్రాసౌండ్, మొదటి మాత్ర వరకు వీటిలో దేనికైనా వెళ్లండి. అంతవరకు విశాఖ అక్కర్లేదు. స్త్రీలు స్త్రీ వైద్య నిపుణురాలితో, పురుషులు యూరాలజిస్టుతో మొదలుపెట్టడం మంచిది. మొదటే నరాల డాక్టరు దగ్గరకు వెళితే తరచు నడుము ఎంఆర్‌ఐతో కథ మొదలవుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గకపోతే ఇంజెక్షన్, ప్రత్యేక ఫిజియోథెరపీ కోసం విశాఖ. శ్రీకాకుళం నుంచి 110, విజయనగరం నుంచి 60 కిలోమీటర్ల దూరం. బస్సు వద్దు, రైలు ఎక్కండి. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఎక్కితే నిలబడవచ్చు, నడవవచ్చు, బెర్తు దొరికితే పడుకోవచ్చు. ఇంజెక్షన్ రోజు కాలు కాసేపు మొద్దుబారవచ్చు కాబట్టి తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

కాన్పు తర్వాత మొదలైన నొప్పి చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. పాలిచ్చే తల్లికి దుప్పట్ల మడతలు, మలబద్ధకం లేకుండా చూసుకోవడం, వదిలే వ్యాయామం చాలు. మాత్రల సంగతి తర్వాత చూసుకోవచ్చు. గర్భసంచి జారకుండా మెష్ (వల లాంటి పట్టీ) పెట్టిన ఆపరేషన్ తర్వాత వెంటనే మొదలైన నొప్పి అయితే మాత్రం ఎదురుచూడకండి. ఆపరేషన్ చేసినవారి దగ్గరకే ముందుగా, త్వరగా వెళ్లాలి.

డాక్టరు ముందు మాట రాకపోతే రాసి ఇవ్వండి. నేను అలాగే చేశాను. నా కాగితం మీద ఇలా ఉండేది: "మలద్వారానికీ మూత్రద్వారానికీ మధ్య, కుడివైపు ఎక్కువగా మంట. రెండేళ్లుగా ఉంది. కూర్చుంటే పది నిమిషాల్లో మొదలవుతుంది. నిలబడితే, పడుకుంటే తగ్గుతుంది. కమోడ్ మీద ఉండదు. రాత్రి లేపదు. కలయిక తర్వాత మర్నాడంతా ఎక్కువ. మూత్రం కల్చర్ నాలుగుసార్లు నార్మల్. ఇప్పటివరకు వాడిన మందులు వెనక రాశాను. దయచేసి వేలితో పరీక్షించి చూడండి."